ముక్కు అరుగుతుంది, నడుం అరగదు

మార్చి 3, ఆదివారం

ఇది డైరీ కాదు. అత్తయ్య టాక్సీ ట్రిప్‌షీట్ల పుస్తకం. ఒకటి వాడకుండా మిగిలిపోయిందని నాకిచ్చారు. ప్రతి పేజీ కిందా మూడు గళ్లుంటాయి: మొదలు కిలోమీటర్లు, చివరి కిలోమీటర్లు, డ్రైవర్ సంతకం. వాటిని ఖాళీగా వదిలేసి పైన రాసుకుంటాను. ఆ గళ్లతో నాకేం పని? ఇంజిన్ విప్పమంటే కళ్లకు గంతలు కట్టినా విప్పుతాను. లైసెన్స్ కూడా ఉంది, ఆరేళ్లయింది తీసుకుని. రోడ్డు మీద నడపమంటే మాత్రం తాళంచెవి తిరిగిచ్చేసి పక్కసీట్లోకి జరుగుతాను. ఈత రాని పడవవాడివి నువ్వు అంటారు అత్తయ్య.

ఈరోజు నుంచి పదిరోజులు మెకానిక్ షెడ్డు నాది! నాకు ఈ పని నేర్పిన మేస్త్రి కంటి ఆపరేషన్‌కి వెళ్లారు. తాళాలు నా చేతిలో పెట్టి, అమ్మా, ఏదీ కదపకు అన్నారు. కదపకు అంటే కడగొద్దని కాదు కదా. పొద్దున్నుంచీ కడుగుతూనే ఉన్నాను. ఇరవై ఏళ్ల గ్రీజు కింద షెడ్డు గోడకి నీలం రంగుందని ఈరోజే తెలిసింది.

చివరికి మైక్రోమీటర్ పెట్టె తీశాను. మిల్లీమీటర్‌లో వందో వంతు కూడా కొలిచే వస్తువు, మేస్త్రి దాన్ని పసిపిల్లలా చూసుకుంటారు. పెట్టెలోనే సరిగ్గా ఇరవై అయిదు మిల్లీమీటర్ల కడ్డీ ఒకటుంటుంది, సరిచూసుకోవడానికి. పెట్టి చూస్తే ఏముంది! 25.08 చూపించింది. ఎనిమిది వంతులు ఎక్కువ. ఎన్నేళ్ల నుంచి అబద్ధం చెబుతోందో మహాతల్లి. చిన్న స్పానర్‌తో సున్నా సరిచేశాను. ఇప్పుడు కడ్డీ ఇరవై అయిదంటే ఇరవై అయిదే. మేస్త్రి వచ్చాక చెప్పి మెప్పు కొట్టెయ్యాలి.

మార్చి 4, సోమవారం

అత్తయ్య బండి షెడ్డుకి వచ్చింది. నిలబడి ఉన్నప్పుడు టిక్కు టిక్కుమంటోంది. మీటరు 4,99,640.

అంటే ఇంకా మూడువందల అరవై తిరిగితే అయిదు లక్షలు. అత్తయ్య నెల రోజులుగా ఆ అంకె తప్ప వేరే మాట మాట్లాడటం లేదు. మీటరు తిరిగే క్షణానికి బండిలో ఎవరెవరు కూర్చోవాలో కూడా నిర్ణయించేశారు. స్టాండులో ఆవిడ పక్కన బండి పెట్టుకునే హారన్ అక్కకి ఒక సీటు, మేస్త్రికి ఒకటి, మా ఆయనకీ నాకూ మిగిలినవి. ఇంజిన్ మాత్రం మొదటిదే, ఇంతవరకు మార్చలేదు. నా బండికి ఒకటే గుండె అని అందరికీ చెప్పుకుంటారు. అది ఆగినరోజు నేనూ ఆగుతా, ఇంకో బండి ఎక్కను అని కూడా అంటారు.

ఆ ఆఖరి మాట మా ఆయన మనసులో పడిపోయింది. సాయంత్రం వంటింట్లోకి వచ్చి, ఉల్లిపాయలు తరుగుతానని వంక పెట్టి, ఒక్కటీ తరక్కుండా అసలు సంగతి బయటపెట్టారు. అమ్మకి అరవై ఒకటి, మోకాలు నొప్పి, వానలో ఆలస్యమైతే నాకు ప్రాణం పోతోంది, నేను చెబితే వినదు, నువ్వు ఇంజిన్ అయిపోయిందని ఒక్క మాట అను, వింటుంది అన్నారు. నా చేత ఇంజిన్ మీద అబద్ధం చెప్పిస్తారా అని ఉల్లిపాయలు లాక్కున్నాను. ఈయన లెక్కల మాస్టారు. రెండూ రెండూ అయిదని ఎవరైనా చెప్పమంటే ఊరుకుంటారా?

ఆయన భయం మాత్రం అబద్ధం కాదు. వాన పడితే నేనూ కిటికీ దగ్గరే నిలబడతాను.

మార్చి 5, మంగళవారం, పొద్దున పదకొండు

ఇంజిన్ పైమూత తీశాను. క్యామ్‌షాఫ్ట్ కనపడింది. ఒక కడ్డీకి ఎనిమిది గుడ్లు గుచ్చినట్టుంటుంది. ఆ గుడ్లు తిరుగుతూ వాల్వులను నొక్కుతాయి, ఇంజిన్ ఊపిరి తీస్తుంది. గుడ్డు కొసని మేస్త్రి ముక్కు అంటారు. అడ్డంగా ఉండే వెడల్పు నడుం. నొక్కేది ముక్కే కాబట్టి అరిగేదీ ముక్కే.

కన్ను, గోరు, ఆ తర్వాతే మైక్రోమీటర్. ఇది నాకు మేస్త్రి నేర్పిన మొదటి పాఠం. కంటికి అద్దంలా మెరుస్తున్నాయి. గుంటలు లేవు. గోటితో గీస్తే జర్రున జారింది, ఎక్కడా తట్టుకోలేదు. అయిదు లక్షల కిలోమీటర్లకి ఇదేం నునుపు! గంతులేశాను. ఇక కొలత అయిపోతే సరి.

అదేరోజు, మూడున్నర

గంతులు ఆగిపోయాయి.

మేస్త్రి దగ్గరొక నోటుబుక్కు ఉంది. ఈ కంపెనీ ఎప్పుడో మూతపడింది, ఇంజిన్ పుస్తకం దొరకదు, క్యామ్‌షాఫ్ట్ కొత్తదీ దొరకదు. అందుకే లక్షకోసారి ముక్కులూ నడుములూ కొలిచి అందులో రాస్తారు. బండి కొత్తలో మొదటి గుడ్డు ముక్కు నుంచి మడమ దాకా, అంటే దాని ఎదుటి కొస దాకా, 38.97. నాలుగు లక్షలప్పుడు 38.92. నాలుగు లక్షల్లో అయిదు వంతులు పోయాయన్నమాట. మామూలు అరుగుదల. పన్నెండు దాటితే పనికిరాదని మేస్త్రి లెక్క.

ఈరోజు 38.83.

మళ్లీ కొలిచాను. 38.83. మిగతా ఏడూ అంతే, ఒక్కోటీ ఎనిమిది నుంచి పది వంతుల దాకా తగ్గాయి. నాలుగు లక్షల్లో అయిదు పోతే, ఈ ఒక్క లక్షలో తొమ్మిది, మొత్తం పద్నాలుగు. పైన గట్టిపొర పోయి ఉండాలి, ఇక రోజురోజుకీ కరుగుతుంది. గోరు నునుపంటోంది. కానీ గోటికి వందో వంతులు తెలుస్తాయా? మైక్రోమీటర్ మొన్ననే సరిచేశాను. దాన్ని కాదంటే ఇంకెవర్ని నమ్మాలి?

మా ఆయన బడి నుంచి నేరుగా షెడ్డుకి వచ్చారు. తీసివేతలన్నీ ఆయనే మళ్లీ చేశారు, ఎనిమిదీ కరెక్టే. మొహంలో సంతోషం దాచుకోలేక పక్కకి తిరిగి దగ్గారు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే.

మార్చి 6, బుధవారం

అత్తయ్యకి చెప్పాను. టీ గ్లాసు పట్టుకుని నిలబడి విన్నారు. ఏడుస్తారనుకున్నాను, తిడతారనుకున్నాను. ఒక్క ప్రశ్న అడిగారు. గోరు ఏమంది?

నునుపుగానే ఉందంది అత్తయ్యా, కానీ కొలత వేరేలా ఉంది అన్నాను.

సరే, కొలిచింది నువ్వు, నువ్వు వద్దంటే వద్దు అన్నారు. ఇంకో మూడువందల అరవై ఎలాగోలా తిరుగుతుంది కదమ్మా, అయిదు లక్షలు చేసేద్దాం అని మా ఆయన నసిగారు. అత్తయ్య ఆయన్ని చూసిన చూపుకి నేను కూడా రెండడుగులు వెనక్కేశాను. ఊపిరాడని దాన్ని ఊరేగించకూడదురా అన్నారు.

తుక్కు వ్యాపారికి ఆవిడే ఫోన్ చేశారు. సోమవారం పదకొండుకి వస్తాడట. తర్వాత బండిలోంచి సీటు మీది దిండు తెచ్చుకుని, అదే బండిలో మేం పెళ్లికెళ్లిన ఫోటో పక్కన పెట్టుకున్నారు.

మార్చి 7, గురువారం

అత్తయ్య ఇంట్లో ఉన్నారు. ఇల్లు తట్టుకోలేకపోతోంది.

పొద్దున్నే పప్పుల డబ్బాలన్నీ ఎత్తుల వారీగా సర్దేశారు. మా ఆయన స్నానానికి వెళుతుంటే ఎడమ పక్కనించి పో, ఎదురొచ్చేవాళ్లు ఉంటారు అన్నారు. బీరువా తలుపుకి నూనె వేశారు. కిటికీ తలుపులకి వేశారు. మా ఆయన సైకిల్‌కి ఎంత వేశారంటే బ్రేకు కూడా పడటం మానేసింది. సాయంత్రం కుర్చీ వీధివైపు తిప్పుకుని కూర్చుని, పోయే ప్రతి బండినీ చెవితో పరీక్ష చేశారు. ఆ తెల్లబండికి ఫ్యాన్ బెల్టు పోతుంది చూడు అన్నారు. రెండు వీధుల అవతల ఆగిపోయింది.

అమ్మ హాయిగా రెస్టు తీసుకుంటోంది కదా అన్నారు మా ఆయన, సైకిల్ తుడుచుకుంటూ. ఆయనకే నమ్మకం లేదు.

మార్చి 8, శుక్రవారం

హారన్ అక్క స్టాండు నుంచి పోతూ మా ఇంటి ముందు మూడుసార్లు హారన్ కొట్టింది. అత్తయ్య లేచి తాళంచెవి కోసం మేకు మీద తడిమారు. మేకే ఉంది.

మార్చి 9, శనివారం, మధ్యాహ్నం రెండు

నేను గాడిదని.

వరసగా రాస్తాను. అత్తయ్యకి ఏదైనా గుర్తుగా ఉంచాలనిపించింది. క్యామ్‌షాఫ్ట్ విప్పి తెచ్చాను, తుక్కులోకి పోతే చూడలేను. మెరుగుపెట్టి, ఒక చెక్క స్టాండు చేసి, అత్తయ్య దిండు పక్కన పెడదామనుకున్నాను. స్టాండుకి గాడి కొయ్యాలంటే నడుం కొలత కావాలి. అది నోటుబుక్కులో ఉంది కదా, మళ్లీ కొలవడం దేనికి అని పేజీ తిప్పాను. 30.06. గాడి కోశాను. పెడితే ఏదో వదులు, ఇటూ అటూ ఊగింది. నా రంపం మీద అనుమానమొచ్చి నడుం కొలిచాను.

29.98.

నడుం ఎలా అరిగింది? నడుం దేన్నీ నొక్కదు. ఇంజిన్‌లో ఏ పనీ చెయ్యని చోటు అది. ఎనిమిది గుడ్ల నడుములూ కొలిచాను. అన్నీ తగ్గాయి. ఎనిమిదికి ఎనిమిదీ, సరిగ్గా ఎనిమిదేసి వంతులు.

ఎక్కడైనా అరుగుదల అంత పద్ధతిగా ఉంటుందా? మా ఇంటి మెట్లు చూస్తే చాలదూ? నడిచే పక్కే అరుగుతాయి. అత్తయ్య చెప్పులు చూస్తే చాలదూ? క్లచ్చు తొక్కే ఎడంకాలిదే ముందు పోతుంది. పనిచేసిన చోట ఎక్కువ, చెయ్యని చోట తక్కువ. అన్నిచోట్లా ఒకేలా తగ్గిందంటే అరిగింది వస్తువు కాదు.

ఎనిమిది. ఎనిమిది. ఆదివారం నేను సరిచేసిన ఎనిమిది!

నోటుబుక్కులో పాత అంకెలన్నీ పాత మైక్రోమీటర్ రాసినవి. ఎనిమిది ఎక్కువ చూపిస్తూ రాసినవి. నేను సున్నా సరిచేసి, కొత్త నిజాన్ని పాత అబద్ధంలోంచి తీసేశాను. మా ఆయన తీసివేత కరెక్టే. రెండు వేర్వేరు మనుషుల ఎత్తులు ఒకదాంట్లోంచి ఒకటి తీస్తే ఏమొస్తుంది?

ఎనిమిది పక్కన పెడితే మొదటి గుడ్డు ఈ లక్షలో అరిగింది ఒక్క వంతు. ఒక్కటి! అయిదు లక్షల్లో మొత్తం ఆరు. ఆ వయసులో ఆ ఇంజిన్‌కి అది ముడత కూడా కాదు. షెడ్డులో ఒక్కదాన్నీ గట్టిగా నవ్వాను. తర్వాత ఏడ్చాను. గోరు మొదటే చెప్పింది. నేను వినలేదు.

ఎందుకు వినలేదో కూడా రాయాలి. ఇక్కడ ఎవరూ చదవరు కదా. మా ఆయన మాట నా చెవిలోనే ఉంది. కోపంగా కాదన్నాను గానీ, వానరోజు కిటికీ దగ్గర నిలబడే మనిషిని నేను కూడా. చెడ్డ అంకె వచ్చినప్పుడు ఒక మూల నాకూ కాస్త హాయిగా అనిపించింది. చెడ్డ అంకె రెండుసార్లు కొలిచానని గొప్పగా రాసుకున్నాను పైన, మరి నడుం ఒక్కసారైనా ఎందుకు కొలవలేదు?

మార్చి 10, ఆదివారం

అత్తయ్యకి మొత్తం చెప్పాను. సున్నా, ఎనిమిది, నడుం, ఆ మూల హాయి కూడా. మా ఆయన అడిగిన సంగతి మాత్రం మింగేద్దామనుకున్నాను. ఆయనే లేచి నిలబడి ఒప్పేసుకున్నారు, బడిలో పిల్లాడిలా చేతులు కట్టుకుని.

అత్తయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు.

అప్పుడు నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి దిండు పట్టుకుని వంగిపోయారు. అత్తా ఒకింటి కోడలేనే అని కథ చెప్పారు. బండి నేర్చుకున్న మొదటివారం ఆవిడ రివర్సు తీస్తూ వాళ్లత్తగారి బట్టలారేసే తీగని తెంపుకుని, ఉతికిన బట్టలన్నీ వెనక వేలాడేసుకుని బజారంతా తిరిగొచ్చారట. అందరూ చెయ్యి ఊపుతుంటే ఆడది బండి నడిపితే ఎంత గౌరవమో అనుకున్నారట. వాళ్లత్తగారు, ఆరాయా అని మాత్రం అడిగారట.

తర్వాత కొడుకు వైపు తిరిగారు. వానలో భయమేస్తే భయమేస్తోందమ్మా అను, ఇంజిన్ మీద పెట్టకు, అది నోరు లేనిది అన్నారు. సరేనమ్మా, భయమేస్తోంది అన్నారాయన. అంత పెద్ద మనిషి. నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో.

నాకు శిక్ష ఉంటుందట. ఏంటో చెప్పలేదు.

మార్చి 11, సోమవారం

పదకొండుకి తుక్కు వ్యాపారి లారీతో వచ్చాడు. అత్తయ్య గేటు దగ్గరే ఆపి టీ ఇచ్చి పంపేశారు. పోతూ పోతూ అతని లారీలో ఏదో చప్పుడు విని, వెనక్కి పిలిచి, నాకు చూపించుకోమన్నారు. గిరాకీ కోసం వచ్చినవాడు గిరాకీ అయిపోయాడు.

క్యామ్‌షాఫ్ట్‌ని మళ్లీ దాని చోట పెట్టాను. టిక్కు టిక్కు ఎందుకంటే వాల్వుల దగ్గర సందు కొంచెం పెరిగింది, అంతే. సన్నటి రేకులు దూర్చి సందు చూసుకుని స్క్రూలు తిప్పితే ముప్పావుగంట పని. స్టార్ట్ చేశాను. చప్పుడు పోయింది. అత్తయ్య బానెట్ మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నారు. ఆ! అన్నారు.

చెక్క స్టాండు ఖాళీగా ఉంది. మా ఆయన దానిలో సుద్దముక్కలు పెట్టుకున్నారు.

మార్చి 13, బుధవారం

మేస్త్రి నల్ల కళ్లద్దాలతో వచ్చారు. ముందు నీలం గోడ చూసి ఇది ఎవరి షెడ్డు అన్నారు. తర్వాత నేను చెప్పాల్సిందంతా చెప్పాను, తల వంచుకుని.

ఆ ఎనిమిది సంగతి ఆయనకి మొదటి నుంచీ తెలుసట! దాని అబద్ధం దానిదమ్మా, కానీ ఇరవై ఏళ్లుగా మారకుండా ఒకే అబద్ధం చెప్పింది, అలాంటి వాళ్లతో కాపురం చెయ్యొచ్చు, అరుగుదల ఎంతో తెలియాలంటే తేడా చాలు అన్నారు. ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదా అన్నాను. ఏదీ కదపకు అని చెప్పాను కదా అన్నారు.

నోటుబుక్కులో ఇద్దరం కలిసి ఒక గీత గీశాం. గీత కింద నా చేత్తో రాయించారు: ఇక్కడి నుంచి సున్నా సరైనది, పైన ఉన్న ప్రతి అంకెలోంచీ ఎనిమిది తీసి చూడాలి. కింద సంతకం పెట్టమన్నారు. ఆ పుస్తకంలో ఆయన చేతిరాత కానిది ఇదొక్కటే.

మార్చి 17, ఆదివారం

శిక్ష ఏంటో తెలిసింది.

వారమంతా అత్తయ్య ట్రిప్పులు వేసి వేసి 4,99,998 దగ్గర నిన్న బండి ఆపేశారు. ఈ పొద్దున అందరం ఎక్కాం. వెనక మేస్త్రి, హారన్ అక్క, మా ఆయన. గోదాముల వెనక పొడుగాటి రోడ్డు, ఆదివారం కాబట్టి ఒక్క పురుగు లేదు. 4,99,999 పడగానే అత్తయ్య బండి పక్కకి తీసి, దిగి, నా వైపు తలుపు తెరిచారు. నా బండిని వారం ఆపావు, ఈ కిలోమీటరు నువ్వే తొయ్యి అన్నారు. దిండు తీసి డ్రైవర్ సీట్లో వేశారు, నేను పొట్టి కాబట్టి.

రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి కదిలింది, కదిలిందంటే కప్పలా. హారన్ అక్క మాటిమాటికీ ముందుకి వంగి నా బదులు హారన్ కొట్టింది, ఎదురుగా ఎవరూ లేకపోయినా. మా ఆయన పైన ఉన్న పిడి పట్టుకుని లెక్కలేవో గొణుగుతున్నారు. మేస్త్రి మాత్రం కళ్లు మూసుకుని వింటున్నారు. ముక్కులు బాగున్నాయమ్మా, నువ్వు నడుపు అన్నారు.

రెండో గేరు. మూడో గేరు! గాలి వచ్చింది. ఇంజిన్ ఎంత మెత్తగా ఉందో, విప్పి బిగించడమే తప్ప ఎప్పుడూ నడిపి చూడలేదు. పదేళ్లుగా పెరుగు తోడేస్తూ ఒక్కసారీ తినని మనిషిలా ఉన్నాను. ఎవరో సైకిలు మీద అడ్డంగా వస్తున్నారు, దూరంగా. చూపంతా అక్కడే పెట్టాను. అప్పుడే వెనక నుంచి ఒక్కటే కేక. ఆరు అంకెలూ ఒకేసారి దొర్లాయట. తొమ్మిదులన్నీ సున్నాలైపోయాయట. హారన్ అక్క ఏడుస్తోంది, మా ఆయన మేస్త్రిని కౌగిలించుకున్నారు.

నేను చూడలేదు. రోడ్డు చూస్తున్నాను.

అయ్యో, నేను చూడలేదు అత్తయ్యా అన్నాను. నేనూ చూడలేదే అన్నారు. నీ కాలు చూస్తున్నా, సైకిలుని చూసి బ్రేకు మీదకి వెళుతుందా లేదా అని, వెళ్లింది అన్నారు.

తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ ఇవ్వబోతే తీసుకోలేదు. ఇంటి దాకా నేనే. వానరోజులు నీవి, ఎండరోజులు నావి అన్నారు. మా ఆయన వెనకసీట్లో పిడి వదిలేశారు.

మార్చి 18, సోమవారం. వాన.

మొదలు కిలోమీటర్లు: 5,00,014

చివరి కిలోమీటర్లు: 5,00,052

డ్రైవర్ సంతకం: నేనే. అత్తయ్య పక్కసీట్లో నిద్రపోయారు.